ఫ్రీమన్ ఫీల్డ్, 1945: యుద్ధం నడుస్తుండగా ఆర్డర్ కాదనడం సబబేనా?

గాలిమర: అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో సీమోర్ అని చిన్న ఊరు, దాని ఇప్పటి మున్సిపల్ ఎయిర్‌పోర్టే ఈ ఫ్రీమన్ ఫీల్డ్. 1942 చివర్లో రెండింజన్ల విమానాల పైలట్ ట్రైనింగ్ కోసం ఆర్మీ కట్టింది, 4,000 మందికి పైగా ఇక్కడ నేర్చుకుని వెళ్ళారు. 1945 మార్చిలో నల్లజాతి అధికారుల 477వ బాంబర్ గ్రూపు బీ-25 బాంబర్ విమానాలతో దిగింది. కమాండర్ కర్నల్ సెల్వే రెండు క్లబ్బులు పెట్టాడు, ఒకటి ట్రైనీలకి, ఒకటి ఇన్‌స్ట్రక్టర్లకి. పేరుకే అలా, నిజానికి ఒకటి నల్లవాళ్ళకి ఒకటి తెల్లవాళ్ళకి. ఏప్రిల్ 5, 6 తేదీల్లో నల్ల అధికారులు కొద్దికొద్దిమందిగా రెండో క్లబ్బులోకి నడిచారు, 61 మందిని అరెస్ట్ చేశారు. నా దృష్టిలో వాళ్ళు చేసింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. మీరేమంటారు?

తూర్పుగాలి: గాలిమర గారూ, వివక్ష తప్పే, అందులో వాదన లేదు. కానీ అప్పటికి జర్మనీ ఇంకా లొంగలేదు, జపాన్‌తో యుద్ధం నడుస్తోంది. ప్రతి అధికారీ తనకి అన్యాయం అనిపించిన ఆర్డర్‌ని పక్కనపెడితే రేపు గాల్లో ఎవరి మాట ఎవరు వింటారు? పైగా ఆ గ్రూపు చివరికి యుద్ధానికే వెళ్ళలేదు. క్లబ్బు కోసం అంత దూరం పోవాలా అని నా డౌటు.

పాతరన్‌వే: క్లబ్బు కోసం కాదు అన్నా, "ట్రైనీ" అన్న మాట కోసం. గ్రూపులో డాక్టర్లున్నారు, యూరప్‌లో యుద్ధం చేసొచ్చిన పైలట్లున్నారు, అందర్నీ కట్టగట్టి ట్రైనీలు అనేశారు ఎందుకంటే రంగు పేరు చెప్పి ఆపితే రూల్ ఒప్పుకోదు. 1940 నాటి ఆర్మీ రెగ్యులేషన్ 210-10 ప్రకారం బేస్‌లో ఉన్న ఏ అధికారికైనా క్లబ్బు తెరిచే ఉండాలి. అంటే రూల్ తప్పింది ఎవరు, ఆర్డర్ ఇచ్చినవాడా, కాదన్నవాళ్ళా?

యుద్ధానికి వెళ్ళలేదు అన్నారు కదా, దానికి ఈ గొడవని కారణం చెయ్యకండి. మిషిగన్‌లో సెల్ఫ్‌రిడ్జ్ బేస్‌లో మొదలెట్టి, అక్కడా క్లబ్బు దగ్గరే గొడవొస్తే కెంటకీలో గాడ్‌మన్‌కి తోలి, అది చాలక ఇక్కడికి తెచ్చారు. మకాం మారుస్తూ ఉంటే ట్రైనింగ్ ఎప్పుడు పూర్తవుద్ది?

తూర్పుగాలి: ఆ రెగ్యులేషన్ సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. అయినా రాతపూర్వకంగా ఫిర్యాదు చేసే దారి ఉంది కదా.

గాలిమర: అసలు సంగతి ఆ తర్వాత జరిగింది తూర్పుగాలి గారూ. సెల్వే ఏప్రిల్ 9న 85-2 అని కొత్త రెగ్యులేషన్ రాయించి, ఎవరు ఏ క్లబ్బుకి పోవాలో అందులో పెట్టి, చదివాను, పూర్తిగా అర్థమైంది అని సంతకం పెట్టమన్నాడు. ఒక్కొక్కర్నే గదిలోకి పిలిచారు. ఎదురుగా పై అధికారులు, బల్ల మీద కాగితం. "అర్థమైంది" అన్న ముక్క కొట్టేసైనా పెట్టండి అన్నారు. కాదంటే ఆర్టికల్ 64, పై అధికారి ఆజ్ఞ ధిక్కారం, మరణశిక్ష దాకా వెయ్యొచ్చు. 101 మంది పెట్టలేదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఒంటరిగా నిలబడి, పక్క గదిలో స్నేహితుడు పెట్టాడో లేదో కూడా తెలీకుండా, పెట్టను అన్నాడంటే అది క్రమశిక్షణ లేకపోవడం ఎలా అవుద్దండీ? నాకు ఆ గది తలుచుకుంటేనే గొంతు పట్టేస్తది.

మేఘమాల: నాది వేరే మాట. నల్లజాతి పైలట్లకి ట్రైనింగ్ ఇచ్చిన టస్కీగీలోనే నేర్చుకున్న 332వ ఫైటర్ గ్రూపు ఇటలీ నుంచి ఎగిరి తమ సత్తా చూపించింది, మనసులు మార్చింది అదే అని నా నమ్మకం. ఆ గ్రూపుని నడిపిన బెంజమిన్ డేవిస్ జూనియర్‌నే తర్వాత సెల్వే స్థానంలో 477కి పంపారు. పని చేసి చూపించడమే గట్టి జవాబు.

పాతరన్‌వే: మేఘమాల గారూ, గౌరవంగానే చెప్తున్నా, అక్కడే నాకు కోపమొస్తది. పని చేసి చూపించాకే గౌరవం అనేది వీళ్ళకి మాత్రమే ఎందుకు పెట్టారు? 332లో యుద్ధం చేసినవాడు కూడా ఇక్కడికొస్తే ట్రైనీయేగా! సత్తా చూపించాక కూడా తలుపు తెరుచుకోలేదు.

మేఘమాల: ఆ మాట నిజమే. రెండూ కావాల్సొచ్చింది అంటే ఒప్పుకుంటా, సంతకం పెట్టనోళ్ళు లేకపోతే 1948లో సైన్యంలో వివక్ష వద్దని ప్రెసిడెంట్ ట్రూమన్ ఇచ్చిన 9981 ఆర్డర్ దాకా ఒత్తిడి వచ్చేది కాదేమో.

గాలిమర: ఇంకోటి. అందరూ దీన్ని ఫ్రీమన్ ఫీల్డ్ తిరుగుబాటు అంటారు, నాకా మాట గుచ్చుకుంటది. ఒక్కరూ ఆయుధం ఎత్తలేదు. ఆ 101 మందినీ మందలింపు లేఖలతో వదిలేశారు. కోర్ట్ మార్షల్ (సైనిక కోర్టు) ముందు నిలబెట్టింది ముగ్గుర్ని, శిక్ష పడింది ఒక్క రోజర్ టెర్రీకి, అదీ క్లబ్బు తలుపు దగ్గర ఒక అధికారిని తోశాడని, 150 డాలర్ల జరిమానా. 1995లో ఎయిర్ ఫోర్స్ ఆ తీర్పు కొట్టేసి డబ్బు వెనక్కిచ్చింది, మందలింపు లేఖలు కూడా ఫైళ్ళలోంచి తీయడం మొదలెట్టింది. 50 ఏళ్ళు ఆయన నేరస్థుడిగానే బతికాడు.

తూర్పుగాలి: 50 ఏళ్ళా... సరే అండీ, సంతకం విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. తలుపు దగ్గర తోపులాట మాత్రం నాకింకా తప్పుగానే కనిపిస్తోంది.