అప్‌డేట్: మా బొంతలు ఇంగ్లండ్ వెళ్లడానికి దారి దొరికింది

ఆన్‌లైన్‌లో పరిచయమైన బర్మింగ్‌హామ్ స్నేహితురాలితో కలిసి అక్కడ పాతచీరల బొంతల ప్రదర్శన పెట్టాలనుంది, కస్టమ్స్ సంగతేమిటని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పిన ఏటీఏ కార్నెట్టే (సరుకును తాత్కాలికంగా వేరే దేశానికి తీసుకెళ్లేందుకు వాడే కస్టమ్స్ పత్రం) మాకు సరిపోయింది. అమ్మకుండా, ప్రదర్శించి గడువులోగా వెనక్కి తెచ్చుకుంటే అక్కడ సుంకం కట్టనక్కర్లేదు. గడువు గరిష్ఠంగా 1 సంవత్సరం. మన దేశంలో దీన్ని ఫిక్కీ (వాణిజ్య, పరిశ్రమల సంఘాల సమాఖ్య) ఇస్తుంది, హామీగా సెక్యూరిటీ కట్టాలి. ప్రతి బొంత బరువు, విలువ జాబితాలో రాయాలి.

ఇప్పుడు వేలాడదీసే కర్ర దూరేలా వెనకవైపు 4 అంగుళాల గుడ్డపట్టీ కుడుతున్నాం. మడతపెడితే గీతలు పడిపోతాయి, అందుకే చుట్టి పంపుతాం. మా పెద్దమ్మ చేతికుట్టును అంత పెద్ద గోడమీద చూడాలని ఎంత ఆత్రంగా ఉందో! హాలు సంగతి బర్మింగ్‌హామ్ స్నేహితురాలే చూసుకుంది. నా వీసా రావాలి, అదొక్కటే టెన్షన్.