వార్ఫరిన్ వాడే అమ్మకు ఆకుకూరలు ఏ కొలతలో పెట్టాలి?

మా అమ్మగారికి 64 ఏళ్లు. గుండెలో మైట్రల్ కవాటం స్థానంలో లోహపు కవాటం అమర్చినప్పటి నుంచి ఆవిడ రోజూ రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర వేసుకుంటున్నారు, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతుందో చూపే కొలత) 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని వైద్యులు చెప్పారు. మొన్నటి పరీక్షలో అది 1.8కి పడిపోయింది. మాత్ర ఒక్క పూట కూడా మానలేదు. ఆరా తీస్తే, పెరట్లో మునగ చిగురు లేతగా ఉందని పది రోజులపాటు ఒక పూట మునగాకు పప్పు, ఇంకో పూట తోటకూర వేపుడు తిన్నారని తేలింది.

రక్తాన్ని గడ్డకట్టించే కారకాలను కాలేయం తయారుచేయడానికి ఆకుకూరల్లో ఎక్కువగా ఉండే కె విటమిన్ అవసరమనీ, వార్ఫరిన్ ఆ విటమిన్ మళ్లీ వినియోగంలోకి రాకుండా అడ్డుకుంటుందనీ, కొవ్వులో కరిగేదే అయినా ఇది ఎ, డి విటమిన్లలా ఎక్కువ కాలం నిల్వ ఉండదనీ చదివాను. వైద్యులు మోతాదు సవరించి, ఆకుకూరలు మానవద్దని, రోజూ ఒకే పరిమాణంలో తినమని చెప్పారు. (ఆకుకూర లేనిది అమ్మకు భోజనమే కాదు.)

ఇంట్లో వార్ఫరిన్ వాడేవారు ఉన్నవారు ఆ పరిమాణాన్ని ఎలా పాటిస్తున్నారు? పచ్చి ఆకును తూకం వేస్తారా, ఉడికిన కూరను గిన్నెతో కొలుస్తారా? గోంగూర పచ్చడిని, చారులో వేసే కొత్తిమీరను కూడా లెక్కలోకి తీసుకుంటారా?

పిక్కలు పట్టేస్తున్నాయని పక్కింటివారు ఇచ్చిన ఇ విటమిన్ గుళికలను, అధిక మోతాదులో రక్తస్రావం ముప్పు పెంచుతాయని తెలిసి, ఆపించాను. ఇ విటమిన్ ఉండే వేరుశనగ గుళ్ల విషయంలోనూ అంత జాగ్రత్త అవసరమా?