సౌదీకి వెళ్తున్న అమ్మకి అబాయా వేయించాలా?

జగిత్యాల అమ్మాయి
అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఆరేళ్ళుగా రియాద్‌లో పని చేస్తున్నాడు. డిసెంబర్‌లో అమ్మని, నన్ను విజిట్ వీసా మీద రమ్మన్నాడు. టికెట్లు కూడా అయిపోయాయి. నిన్న ఫోన్ చేసి "ఇద్దరికీ అబాయాలు కొనెయ్యక్కా, విమానం దిగేసరికి ఒంటి మీద ఉండాలి" అన్నాడు. అబాయా అంటే బట్టల మీద మెడ నుంచి పాదాల దాకా వేసుకునే వదులు అంగీ. నాకు పట్టింపు లేదు, వేసుకుంటాను. అమ్మకి 63 ఏళ్ళు. పెళ్ళయినప్పటి నుంచి చీర తప్ప ఇంకోటి ఎరగదు, ఇంట్లో నైటీ కూడా వేసుకోదు. "నా కట్టూ బొట్టూ దాచుకుని తిరగాలంటే నేను రానే రాను" అని కూర్చుంది. కొడుకుని చూసి రెండేళ్ళయింది, అయినా అదే మాట. అసలు చట్టం ఏమంటోంది? బలవంతంగానైనా వేయించడం సబబేనా?

గోదారి గట్టు
వేయించండి, ఇందులో ఇంత ఆలోచన ఎందుకు? తిరుమలలో సేవకి వెళ్తే ఆడవాళ్ళు చీరో, లంగా ఓణీయో, చున్నీతో చుడీదారో వేసుకోవాలి, మగవాళ్ళు పంచో, కుర్తా పైజామానో వేసుకోవాలి. వేరే మతం వాళ్ళు వచ్చినా అదే రూలు. మన దగ్గరికి వచ్చినవాళ్ళు మన పద్ధతి పాటించాలని అడిగేవాళ్ళం, వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాళ్ళ పద్ధతి పాటించొద్దా? నెల రోజుల ముచ్చట. పెద్దావిడకి నచ్చజెప్పండి.

రియాద్ సిస్టర్
గోదారి గారూ, గుడికి వెళ్ళే గంట వేరు, నెల రోజులు బజారుకీ పార్కుకీ వెళ్ళడం వేరు. పైగా మీరు చెప్పే "వాళ్ళ పద్ధతి" ఇప్పుడు అలా లేదు.

నేను 2008 నుంచి 2015 దాకా రియాద్‌లో నర్సుగా చేశాను. అప్పుడు డ్యూటీ దిగి హాస్టల్ బస్సు ఎక్కాలన్నా నల్ల అబాయా ఉండాల్సిందే, ఏ దేశం వాళ్ళైనా సరే. షాపింగ్‌కి వెళ్తే ముతవ్వాలు, అంటే మత పోలీసులు, వెనకే వచ్చి "గత్తీ షారిక్" అని అరిచేవాళ్ళు. జుట్టు కప్పుకో అని. ఒకసారి నా తల మీద గుడ్డ జారితే అంతమందిలో నిలబెట్టి అరిచారు. చేతిలో కూరగాయల సంచి అక్కడే వదిలేసి వచ్చేశాను. ఇన్నేళ్ళయినా ఆ మాట చెవిలో ఉంది.

2016 ఏప్రిల్‌లో ముతవ్వాలకి మనుషుల్ని వెంటాడి పట్టుకునే అధికారం తీసేశారు. 2018 మార్చిలో యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్ ఒక అమెరికన్ టీవీ ఇంటర్వ్యూలో, ఆడవాళ్ళు మగవాళ్ళలాగే మర్యాదైన బట్టలు వేసుకోవాలని షరియా చెబుతుంది కానీ నల్ల అబాయానే అని చెప్పదు అన్నాడు. 2019 సెప్టెంబర్‌లో టూరిస్టు వీసాలు తెరిచినప్పుడు, విదేశీ స్త్రీలకి అబాయా అక్కర్లేదు, భుజాలూ మోకాళ్ళూ కప్పి ఒదులుగా ఉండే బట్టలు చాలని ప్రకటించారు. ఆ ఏడాదే బహిరంగ మర్యాద నియమాలు కూడా వచ్చాయి. జరిమానాలు 50 నుంచి 6000 రియాళ్ళ వరకు. అవి మగవాళ్ళకి కూడా వర్తిస్తాయి.

2022లో మా అమ్మాయి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. చుడీదార్, చున్నీతోనే తిరిగాను. ఒక్కరు అడగలేదు.

గోదారి గట్టు
సిస్టర్ గారూ, ఆ మార్పులు నాకు తెలియవు, మంచి విషయం చెప్పారు. కానీ చట్టం మారినంత వేగంగా జనం మారరు కదా. వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు ఇప్పటికీ అబాయా వేసుకుంటున్నారు. నలుగురి మధ్య మనం వేరుగా కనిపించడం దేనికి? ఏ ఎండకా గొడుగు పట్టుకుంటే పోతుంది.

టెహ్రాన్ గుర్తుంది
ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళని మనం మెచ్చుకోం కదండీ.

2022 సెప్టెంబర్‌లో ఇరాన్‌లో మహ్సా అమినీ అనే 22 ఏళ్ళ అమ్మాయిని హిజాబ్ సరిగ్గా లేదని పట్టుకెళ్తే కస్టడీలోనే కుప్పకూలి మూడు రోజులకి చనిపోయింది. తర్వాత ఎంతమంది ఆడపిల్లలు వీధుల్లోకి వచ్చి తల మీద గుడ్డ తీసి తగలబెట్టారో అందరం చూశాం. అక్కడ వాళ్ళు ప్రాణం పెట్టి తీసేస్తున్న దాన్ని, ఇక్కడ మనం అడక్కుండానే కొనుక్కుని వెళ్ళడం నాకు మింగుడు పడదు.

చదరంగం వాళ్ళని చూడండి. 2017లో టెహ్రాన్‌లో మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక తలకి స్కార్ఫ్ కట్టుకుని ఆడి సెమీఫైనల్ దాకా వెళ్ళింది. ఉక్రెయిన్ అమ్మాయి అన్నా ముజిచుక్ కూడా స్కార్ఫ్‌తోనే ఆడి ఫైనల్లో ఓడింది. అదే ఏడాది డిసెంబర్‌లో రియాద్‌లో ర్యాపిడ్, బ్లిట్జ్ అనే వేగం చదరంగం ప్రపంచ పోటీలు పెడితే ముజిచుక్ వెళ్ళలేదు. తన చేతిలో ఉన్న రెండు ప్రపంచ టైటిళ్ళు వదులుకుంది. మరుసటి ఏడాది మన సౌమ్య స్వామినాథన్ కూడా స్కార్ఫ్ రూలు కారణంగా ఇరాన్‌లో జరిగే ఆసియా పోటీ నుంచి తప్పుకుంది. జగిత్యాల అమ్మాయి గారూ, మీ అమ్మగారిది మొండితనం కాదు. ఆ పట్టుదలని గౌరవించండి.

రియాద్ సిస్టర్
ఇరాన్, సౌదీ రెండూ కలపకండి. ఇరాన్‌లో స్కార్ఫ్ చట్టం, విదేశీయులకీ అదే. సౌదీలో ఇప్పుడు విదేశీ స్త్రీకి అలాంటి చట్టం లేదు. 2017 రియాద్ పోటీల్లో కూడా అబాయా అక్కర్లేదని నిర్వాహకులు ముందే చెప్పారు. ముజిచుక్ బాధ బట్టల కంటే పెద్దది. బయటికి వెళ్ళాలంటే ఎవరో ఒకరు తోడుండాలి, రెండో రకం మనిషిలా ఉండలేను అంది. ఆ బాధ నాకు తెలుసు, ఏడేళ్ళు పడ్డాను.

కర్నూలు బేగం
నేను 19వ ఏట నుంచి బురఖా వేసుకుంటున్నాను. మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనే మొదలుపెట్టాను. పైన "మింగుడు పడదు" అన్న మాట చదివితే బాధ కలిగింది. బలవంతం చేసేవాళ్ళని తిట్టండి, నేనూ తిడతాను. బట్టని తిట్టకండి.

ఇక అమ్మగారి విషయం. మా ఖురాన్‌లో 24వ సూరాలో, అంటే అధ్యాయంలో, ముందు మగవాళ్ళని చూపు దించుకోమని చెప్పి, ఆ తర్వాతే ఆడవాళ్ళ మాట వస్తుంది. మక్కా యాత్రలైన హజ్‌కి, ఉమ్రాకి వెళ్ళినప్పుడు ఇహ్రామ్‌లో, అంటే యాత్ర దీక్షలో, ఉన్న స్త్రీ ముఖం కప్పే నికాబ్ కట్టకూడదు. ఇవన్నీ నాకు నమ్మకంతో ముడిపడిన విషయాలు. ఆ నమ్మకం లేని పెద్దావిడకి, ఇష్టం లేకుండా అదే బట్ట తొడిగితే అది నా బట్టకీ గౌరవం కాదు, ఆవిడకీ కాదు. నన్నడిగితే వేయించొద్దు. ఒక్కటి మాత్రం, మన చీరలో నడుం కనిపిస్తుంది. మనకది కంటికి ఆనదు, అక్కడ ఆనుతుంది. పొడుగు జాకెట్టు కుట్టిస్తే సరిపోతుంది.

టెహ్రాన్ గుర్తుంది
బేగం గారూ, క్షమించండి. బలవంతం మీద కోపంతో రాశాను, మీలాంటివాళ్ళని తలుచుకోలేదు.

రాజంపేట
ఇష్టం, అయిష్టం అని అందరూ మాట్లాడుతున్నారు. మా అమ్మ సౌదీలో 11 ఏళ్ళు ఇంటిపని చేసింది. మొదటి రోజే మేడమ్ ఒక అబాయా చేతికిచ్చింది. ఇష్టమా అని ఎవరూ అడగలేదు. కానీ అమ్మ ఏమంటుందంటే, సందు చివర బఖాలాకి, అంటే కిరాణా కొట్టుకి, రొట్టె తేవడానికి వెళ్ళేటప్పుడు అది ఒంటి మీద ఉంటే ధైర్యంగా ఉండేదట. పనిమనిషి అని కారాపి పిలిచేవాళ్ళు తగ్గేవాళ్ళట. ఆ అబాయా ఇప్పటికీ పెట్టెలో ఉంది, పారేయనివ్వదు. దాన్ని మంచిదనాలో చెడ్డదనాలో నాకు తెలియదు. అమ్మ ముందు మాత్రం ఎవరూ బానిసత్వం అనకండి.

జగిత్యాల అమ్మాయి
అందరివీ చదివాను. సిస్టర్ గారు రాసింది అమ్మకి చదివి వినిపించాను. అమ్మ ఒకటే అడిగింది: "నేను వేసుకోకుంటే పోరని కొలువుకేమన్న అయితదా?" మేమెవరం ఆ ప్రశ్న అడగలేదు.

తమ్ముడికి ఫోన్ చేశాను. ఉద్యోగానికి ఏమీ కాదట. గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పాడు. వాడుండే బిల్డింగ్‌లో ఐదు తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ ఇళ్ళకి వచ్చిన అమ్మలు, అత్తలు అందరూ అబాయాలు వేసుకున్నారట. "మన అమ్మ ఒక్కతే చీరలో తిరిగితే నా వెనక మాట్లాడుకుంటారు" అన్నాడు. ఇన్నాళ్ళూ సౌదీ వాళ్ళకి భయపడుతున్నామనుకున్నాను. వాడు భయపడేది మనవాళ్ళకి. చిన్నప్పటి నుంచి వాడంతే, నాకు కోపం రాలేదు. చట్టం లేదని, అమ్మకి ఇష్టం లేదని మాత్రం స్పష్టంగా చెప్పేశాను.

అమ్మ చీరలోనే వస్తుంది. మోచేతులు దాటే చేతులతో, నడుం దాకా వచ్చేలా నాలుగు జాకెట్లు కుట్టడానికి ఇచ్చాను. నేను పోయిన వారం హైదరాబాద్ మదీనా బిల్డింగ్ దగ్గర ఒక అబాయా కొనుక్కున్నాను. ముదురు నీలం. రియాద్‌లో దీరా పాత బజారు లాంటి చోట్లకి వేసుకుంటాను. అమ్మ దాన్ని చేత్తో పట్టి చూసి "బట్ట మంచిగుంది" అంది, అంతే.

రియాద్ సిస్టర్
మంచి పని చేశారమ్మా. డిసెంబర్‌లో రియాద్ రాత్రిళ్ళు బాగా చలి, పది డిగ్రీల కిందికి కూడా పోతుంది. అమ్మగారికి చీర మీదకి ముందు గుండీలుండే పొడుగు స్వెట్టర్ ఒకటి, కాళ్ళకి మేజోళ్ళు తప్పకుండా పెట్టండి. మక్కాలోకి మాత్రం ముస్లిమేతరులని రానివ్వరు, ఆ ప్లాన్ ఏదైనా ఉంటే ఇప్పుడే మానుకోండి.