బేకన్ వండితే ఇల్లంత పొగ, పొయ్యంత జిడ్డు – జర ఇగురం చెప్పుండ్రి

హన్మకొండ, ఇప్పుడు డెంటన్

అన్నలకు, అక్కలకు నమస్తే. ఎమ్మెస్ కోసం అమెరికా వచ్చి నెల అయింది. నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌ల ఉంటున్నం, అందుల ఒకరు పూర్తి శాకాహారి. బేకన్, అంటే ఉప్పు పట్టించి పొగ వెట్టిన పంది మాంసం తునకలు, పెంక మీద వేస్తే గోడ దాక చిందుతున్నది, పొగకు అలారం మొత్తుకుంటున్నది. అంచులు మాడుతున్నయి, నడుమ మెత్తగనే ఉంటున్నది. పొయ్యి కరెంటుది, పైన గాజు పలక. ఓవెన్ ఉన్నది గని దాంట్ల గిన్నెలు సర్దుకున్నం. కారిన నూనె సింకుల పోయొచ్చా? దేనికన్న పనికొస్తదా?

పరకాల, ఇప్పుడు షార్లెట్

ముందుగాల ఓవెన్‌ల గిన్నెలు బయటికి తీయి తమ్మీ. మనోళ్లు ఏ దేశం పోయినా ఓవెన్‌ను అల్మారా చేస్తరు. ఒకనాడు ఎవరో చూడకుండ బటన్ నొక్కుతరు, మూకుడు పిడి కరిగి కారుతది. బేకన్‌కు ఆ ఓవెనే సరైన జాగ.

అంచు లేచి ఉన్న అల్యూమినియం ట్రే కొను. హాఫ్ షీట్ అని అడిగితే ఇస్తరు: 18 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు, అంచు ఒక అంగుళం. చిన్న ఓవెన్‌ల పట్టదు, లోపల కొలుచుకొనే పో. అంచు లేని కుకీ పళ్లెం మాత్రం వద్దు. కొవ్వు జారి అడుగున కాయిల్ మీద పడితే మంట లేస్తది.

ట్రే మీద మందం ఫాయిల్, 18 అంగుళాల వెడల్పుది, అంచులు దాటి బయటికి మడిచేటట్టు పరువు. రెండు ఫాయిల్ ముక్కలు పక్కపక్కన పరిస్తే అతుకు సందుల నుంచి కొవ్వు కిందికి దిగుతది, మల్ల తోముడే. పార్చ్‌మెంట్ కాగితమైన సరే, డబ్బా మీద ఎంత వేడి దాక ఓర్చుకుంటదో చూడు, చాలావరకు 420 నుంచి 425 డిగ్రీల ఫారన్‌హీట్ అని రాసి ఉంటది. వ్యాక్స్ పేపర్ చూడ్డానికి అట్లనే ఉంటది గని అది మైనం కాగితం, ఓవెన్‌ల పొగ లేస్తది.

తునకలు ఒకదాని పక్కన ఒకటి ఆనించి పెట్టొచ్చు, ఎట్లాగూ ముడుచుకుంటయి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే మాత్రం అతుక్కొని అక్కడ పచ్చిగ ఉంటది. ట్రేను చల్లని ఓవెన్‌ల నడిమి అరలనే పెట్టి, అప్పుడు 400 డిగ్రీల ఫారన్‌హీట్ పెట్టు. మామూలు మందం తునకలకు మొత్తం 20 నుంచి 25 నిమిషాలు, మందం కోతకు ఇంకో అయిదారు. 15వ నిమిషం నుంచి అక్కడనే ఉండు. ఆఖరు మూడు నిమిషాలల్ల రంగు ఉరికి వస్తది, వాట్సాప్ చూసుకుంట కూసుంటే నల్లగైతది. ఇంకా కొంచెం వంగుతుండంగనే తీయాలె, చల్లారినంక కరకరలాడుతది.

తిప్పెయ్యవలసిన పని లేదు. కింద జాలీ పెట్టమని కొందరు అంటరు. నన్నడిగితే వద్దు. తన కొవ్వుల తాను వేగితేనే అంతట ఒక్కతీరు వేగుతది, పైగా ఆ జాలీ తోముడంటే అదొక శిక్ష.

పొగ వస్తే 375కు దించి అయిదు నిమిషాలు పెంచు. మేపుల్, బ్రౌన్ షుగర్ అని రాసి ఉన్నయి చక్కెర పట్టించినయి, అవి మొదటి నుంచే 375 లేకుంటే 350. కొవ్వు కన్న ముందు చక్కెర మాడుతది, నీ అలారం మొత్తుకున్నది దానికే కావచ్చు.

హుజూరాబాద్, ఇప్పుడు కొలంబస్

పరకాల అన్న చెప్పింది ప్యాకెట్ మొత్తం వండెటోళ్లకు. ఇద్దరి కోసం ఆరు తునకలకు ఓవెన్ ఎందుకు? పెంక మీదనే చిందకుండ చెయ్యొచ్చు, ఎందుకు చిందుతదో తెలిస్తే చాలు.

కొవ్వు తనంతట చిందదు. మాంసంల ఉన్న నీళ్లు ఉడుకు కొవ్వుల పడి ఒక్కసారి ఆవిరై ఎగిరేటప్పుడు కొవ్వును గూడ లేపుకపోతయి. బేకన్ అంటే పంది పొట్ట మాంసానికి ఉప్పు, చక్కెర, నైట్రైట్ (మాంసం చెడకుండ వేసే ఒక తీరు ఉప్పు) పట్టించి పొగ వెట్టింది. అగ్గువ రకాలకు ఉప్పునీళ్లు సూదులతోటి ఎక్కిస్తరు, అందుకే అవి ఎక్కువ ఎగురుతయి. కాబట్టి మటన్ కడిగినట్టు పసుపు, ఉప్పు వేసి దీన్ని కడగొద్దు. కడిగితే పోయేదేం లేదు, ఇంకింత నీరు చేరుతది. కాగితం తువ్వాలతోటి రెండు దిక్కులా అద్ది తీయాలె.

రెండో తప్పు, పెంక కాలినంక వేసుడు. మనింట్ల సర్వపిండి ఎట్ల చేస్తరు? గిన్నె చల్లగ ఉన్నప్పుడే పిండి ఒత్తి, అప్పుడు సన్నని సెగ మీద పెడతరు. కాలిన గిన్నెల ఒత్తితే పిండి అతకదు, చెయ్యి కాలుతది. బేకన్‌కు అదే లెక్క. చల్లని పెంక మీద తునకలు పరిచి, అప్పుడు పొయ్యి ముట్టియ్యి. పొయ్యి గుండీ మీద అంకెలు 10 దాక ఉంటే 4 మీద పెట్టు. కొవ్వు నిమ్మలంగ కరిగి దిగినంకనే మాంసం ఎర్రబడాలె. ఎక్కువ సెగ మీద మాంసం ముందు ముడుచుకుంటది, వంకర తిరిగిన జాగ పెంకకు తగలదు. అంచులు మాడి నడుమ మెత్తగ ఉండుడు అందుకే.

ఇంకా తక్కువ చిందాలంటే, 12 అంగుళాల పెంకల తునకలు పరిచి అడుగు తడిసే అంత నీళ్లు, సుమారు అరకప్పు పోయాలె. నీళ్లున్నంత సేపు వేడి నీళ్లు మరిగే కాడనే ఆగుతది, ఆ లోపల కొవ్వు కరిగి వస్తది. నీళ్లు ఇగిరేటప్పుడు చిటపట చప్పుడు మారుతది, అప్పుడు సెగ తగ్గించు. నీళ్లతోటే చిందుతదన్న మనిషే నీళ్లు పొయ్యమంటుండేందని అడగకుండ్రి. చల్లగున్నప్పుడు పోసిన నీళ్లు మరుగుతయి, కాలినంక పడ్డ నీళ్లు పేలుతయి.

గాజు పలక పొయ్యికి ఒక గుణం ఉన్నది, బంద్ చేసినంక గూడ చాలా సేపు కాలుతనే ఉంటది. రంగు సరిపోయిందనుకున్నప్పుడు పొయ్యి ఆపితే చాలదు, పెంకను పక్కకు జరపాలె. ఇనుప పెంకను పలక మీద గీకకుండ ఎత్తి జరుపు.

పైనున్న ఎగ్జాస్ట్ గాలిని బయటికి పంపుతదా, మల్ల ఇంట్లకే వదుల్తదా చూసుకో. చాలా అపార్ట్‌మెంట్లల్ల ఇంట్లకే వదుల్తది. దాని జల్లెడ నెలకోసారి ఉడుకునీళ్లు, సబ్బులో నానబెట్టి కడగాలె, కిటికీ తెరవాలె. అలారం బ్యాటరీ మాత్రం తీయకు.

మంథని, ఇప్పుడు ఎడిసన్

ఒక్కరికే అయితే మైక్రోవేవ్ ఉన్నది గదా. పళ్లెంల రంగు, అచ్చు లేని తెల్ల కాగితం తువ్వాలలు రెండు, మీద నాలుగు తునకలు, పైన ఇంకొక కాగితం. తునకకు ఒక నిమిషం లెక్కన పెట్టి, అటెన్క 30 సెకన్లకోసారి చూడుండ్రి. పళ్లెం కాలుతది, గుడ్డ లేకుండ ముట్టొద్దు. కొవ్వంత కాగితానికే పోతది, దాచుకునేందుకు ఏం మిగలదు.

ఎయిర్ ఫ్రయర్ ఉన్నోళ్లకు: కింది డబ్బాల రెండు చెంచాల నీళ్లు పోస్తే కారిన కొవ్వు పొగ రాదు. 375 మీద 8 నుంచి 10 నిమిషాలు.

జనగామ, ఇప్పుడు లండన్

సింకుల పోయొద్దు. ఉడుకునీళ్లు, సబ్బు కలిపి పోస్తే పోతదని ఎవరన్న చెప్తే ఇనకు. నీ సింకు కాడ కరిగినట్టే ఉంటది, పైపుల పది గజాలు పోయినంక చల్లబడి గడ్డకడతది, దాని మీద తర్వాతది ఎక్కుతది. సింకు కింద గ్రైండర్ ఉన్నా అంతే, అది ముక్కలు చేస్తది గని కొవ్వును మాయం చెయ్యదు. 2017లో ఇక్కడ వైట్‌చాపెల్ మోరీల దొరికిన కొవ్వు గడ్డ 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు. ఇండ్లల్ల, హోటళ్లల్ల పోసిన కొవ్వు, తడి తుడుపు గుడ్డలు కలిసి అంత అయింది. అపార్ట్‌మెంట్‌ల పైపు జామైతే కింది ఇంటోళ్ల సింకుల పైకి తన్నుతది, బిల్లు నీకొస్తది.

వద్దనుకుంటే ట్రే మీదనే చల్లారనియ్యి, తెల్లగ గడ్డకట్టినంక ఫాయిల్‌తోటి సహా మడిచి చెత్తల వెయ్యి. పెంకదైతే ఖాళీ టిన్ను డబ్బాల పోసి ఫ్రీజర్‌ల పెట్టి పారెయ్యి. ప్లాస్టిక్ సంచిల ఉడుకుది పోస్తే సంచి కరిగి కాళ్ల మీద పడతది.

ఇంకొకటి. కొవ్వు అంటుకుంటే నీళ్లు పోయొద్దు, పెంక ఎత్తుకొని సింకు దిక్కు ఉరకొద్దు. పొయ్యి ఆపి మూత పెట్టాలె, చల్లారేదాక మూత తీయొద్దు. ఓవెన్‌ల అంటుకుంటే ఆపేసి తలుపు మూసే ఉంచాలె. మూతను వండేటప్పుడే చేతికందే జాగల పెట్టుకో.

కాశీబుగ్గ, ఇప్పుడు సియాటెల్

పారేసుడెందుకు తమ్ముడూ, దాచుకో. 454 గ్రాముల ప్యాకెట్‌కు అరకప్పుకు అటుఇటుగ వస్తది. కానీ దాన్ని పల్లి నూనె లెక్క వాడితే ఆగమైతది. ఉప్పు, పొగ వాసన ఉన్న నెయ్యి అనుకొని వాడాలె.

దాచేది ఇట్ల. ట్రే 10, 15 నిమిషాలు చల్లారనియ్యి, ఇంకా పారేటట్టు ఉండాలె, వేలు పెడితే కాలొద్దు. ఉడుకుది చల్లని సీసాల పోస్తే గాజు పగులుతది, ప్లాస్టిక్ డబ్బాల పోస్తే వంగుతది. చాయ జాలిల కాగితం తువ్వాల గానీ కాఫీ ఫిల్టర్ గానీ పెట్టి వడపొయ్యి. అడుగున గోధుమ రంగు నలుసులు దిగకుండ చూడు. చెడగొట్టేటియి అవే, మల్ల పెంక మీద ముందు మాడేటియి గూడ అవే. సీసాల తడి ఉండొద్దు. ఫ్రిజ్‌ల మూడు నెలలు ఉంటది. పాత పెయింట్ వాసన వస్తే పారెయ్యి. తడి చెంచా పెట్టొద్దు, ఊరగాయ జాడీకి ఉన్న మడి దీనికీ ఉండాలె. మాడిన బేకన్ కొవ్వు దాచకు, చేదు ఎందుల వేసినా పోదు.

వాడేది: ఆలుగడ్డ వేపుడుకు మొదటి చోటు. అర కిలో ఆలుగడ్డలు ముక్కలు కోసి ముప్పావు వంతు ఉడికించి, నీళ్లు వార్చి, ఆరబెట్టి, ఒకటిన్నర పెద్ద చెంచాల కొవ్వుల మధ్య సెగ మీద వేపాలె. ఉప్పు నువ్వు వేసేదాంట్ల సగమే వెయ్యి, రుచి చూసి చివర్ల కలుపు. అందరు తప్పేది ఈ కాడనే. కోడిగుడ్డు పొరటుకు రెండు గుడ్లకు ఒక చిన్న చెంచా చాలు. పుంటికూర పులుపుకు ఇది మంచిగ కలుస్తది. ఇక్కడ అమెరికా దక్షిణాదిల కొలార్డ్ ఆకుకూరను ఈ కొవ్వు వేసే వండుకుంటరు, మనకు కొత్తగ అనిపిస్తది గని లెక్క అదే.

పోపు దీంట్ల వెయ్యకు. శుద్ధి చేసిన పల్లి నూనె కన్న చాలా ముందే ఇది పొగ లేస్తది, ఆవాలు చిటపటలాడేలోపు వాసన మారుతది. రెండు కలిపితే బాగుంటదనుకుంటరు, కలిపినా పొగ ఆగదు. పోపు పల్లి నూనెల వేసి, ఎల్లిగడ్డ ఎర్రబడ్డంక సెగ తగ్గించి, దించే ముందు ఒక చెంచా ఇది కలుపు. గారెలు, పూరీలు కాల్చేందుకైతే అసలు పనికిరాదు.

హన్మకొండ, ఇప్పుడు డెంటన్

మస్తు చెప్పిండ్రు, థాంక్స్. ఇంకో రెండు. దుకాణంల అన్‌క్యూర్డ్ అని రాసింది ఎక్కువ ధరకు అమ్ముతున్నరు, అది మంచిదా? మా శాకాహారి దోస్తుకు ఇబ్బంది కాకుండ ఏం చేయాలె?

పరకాల, ఇప్పుడు షార్లెట్

అన్‌క్యూర్డ్ అంటే నైట్రైట్ లేదని కాదు. ఎక్కువ వాటిల్ల సెలరీ పొడి వేస్తరు, అందుల నుంచి వచ్చేది గూడ నైట్రైటే. అది చూసి రెట్టింపు పైసలు పెట్టకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015ల ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితల చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతదని లెక్క కట్టింది. ఆదివారం తినేదానికీ, రోజూ తినేదానికీ తేడా ఉన్నది.

విప్పిన ప్యాకెట్ ఫ్రిజ్‌ల వారమే. మిగిలింది తునక తునకకు పార్చ్‌మెంట్ పెట్టి చుట్టి ఫ్రీజర్‌ల పెడితే ఒక నెల. నైట్రైట్ వల్ల ఉడికినా ఎరుపు పోదు, ఎర్రగుందని పచ్చిగ ఉన్నదనుకోకు.

మంథని, ఇప్పుడు ఎడిసన్

పంది తిననోళ్లు ఉంటే టర్కీ బేకన్ వేరు ట్రేల వండుండ్రి. దాంట్ల కొవ్వు తక్కువ, కొంచెం నూనె రాయకుంటే ఫాయిల్‌కు అతుక్కుంటది. దాచుకునే కొవ్వు కారదు.

కాశీబుగ్గ, ఇప్పుడు సియాటెల్

శాకాహారి దోస్తు సంగతి నేను చెప్త. గడ్డకట్టినంక ఈ కొవ్వు అచ్చం నెయ్యి లెక్క, కొబ్బరినూనె లెక్క కనబడతది. పాత నెయ్యి సీసాల అసలు పోయకు. మూత మీద, పక్కన, రెండు జాగల్ల తెలుగులో, ఇంగ్లీషులో "పంది కొవ్వు" అని మందం పెన్నుతోటి రాసి తారీకు వెయ్యి. ఫ్రిజ్‌ల పాలు, పెరుగు ఉన్న అర కాకుండ అడుగు అరల, మూత ఉన్న ఇంకో డబ్బాల పెట్టు. పెంక, గంటె, జాలి ఆయనకు వేరు, నీకు వేరు. వండే రోజు ముందు చెప్పు, ఆయన పప్పు పొయ్యి మీద ఉన్నప్పుడు నువ్వు ముట్టియ్యకు.

హుజూరాబాద్, ఇప్పుడు కొలంబస్

అక్కా, సర్వపిండి రంధ్రాలల్ల ఈ కొవ్వు పోయొచ్చా?

కాశీబుగ్గ, ఇప్పుడు సియాటెల్

పోయొచ్చు. గిన్నె అడుగుకు పల్లి నూనె రాసి పిండి ఒత్తు, రంధ్రాలల్ల మాత్రం ఇది, ఒక్కో గిన్నెకు ఒకటిన్నర చిన్న చెంచాలు. రెండు కప్పుల బియ్యప్పిండికి వేసే ఉప్పుల పావు వంతు తగ్గించు. మూత పెట్టి సన్నని సెగ మీదనే ఉంచు, అంచు ఎర్రబడి గిన్నెను వదిలినంక తీయి. రెండోదానికి గిన్నె చల్లార్చుడు మర్చిపోకు, రెండు గిన్నెలుంటే ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోవచ్చు.