మూడు రాష్ట్రాల్లో పని, ఇప్పుడు లేఆఫ్: అన్‌ఎంప్లాయ్‌మెంట్ భృతికి ఎక్కడ ఫైల్ చేయాలి?

ప్లానో_బావ: లేఆఫ్ లిస్టులో నా పేరూ ఉంది. మొన్నటిదాకా ఇల్లు న్యూజెర్సీ, క్లయింట్ సైట్ పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా, తర్వాత కొన్నాళ్లు జెర్సీలోనే ఎడిసన్ ఆఫీసు. ఈమధ్యే టెక్సస్‌లోని ప్లానో వచ్చి రిమోట్ చేస్తున్నా. గ్రీన్‌కార్డ్ ఉంది. క్లెయిమ్ ఎక్కడ వేయాలి?

ఎడిసన్_సుబ్బు: జెర్సీ, పెన్సిల్వేనియా మధ్య ఒప్పందం ఒకటుంది కానీ అది ఇన్‌కమ్ టాక్స్ వరకే బాబూ. టాక్స్ జెర్సీకి కట్టినా అన్‌ఎంప్లాయ్‌మెంట్ మాత్రం పని చేసిన పెన్సిల్వేనియాదే. మా ఆవిడ విషయంలో ఈ ముక్క హెచ్ఆర్ వాళ్లకే తెలీదు. పే స్టబ్ అడుగున ‘పీఏ ఎస్‌యూఐ’ (పెన్సిల్వేనియా అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్) అని వెయ్యి డాలర్లకు 70 సెంట్లు కోస్తూనే ఉన్నారు, ఆ లైను ఎవడు చూస్తాడు!

ఫ్రిస్కో_లక్ష్మి: అసలు తీసుకోకండి. పబ్లిక్ చార్జ్ కింద, అంటే సర్కారు సొమ్ము మీద బతికేవాళ్ల కింద రాసి రేపు సిటిజన్‌షిప్ ఆపేస్తారట. మావారు ససేమిరా అన్నారు.

ఎడిసన్_సుబ్బు: వాట్సాప్ లాయర్లు ఇక్కడికీ వచ్చేశారా! ఇది దానం కాదండీ, మన పేరు మీద కంపెనీ కట్టిన ఇన్సూరెన్స్. జెర్సీలో అయితే మన జీతంలోంచి కూడా కోస్తారు. పబ్లిక్ చార్జ్ లెక్కలోకి ఇది రాదని ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ వాళ్లే రాసిపెట్టారు.

ఫ్రిస్కో_లక్ష్మి: తెలిసింది చెప్పాను. వెటకారం దేనికి?

పేరోల్_నారాయణ: ఇద్దరూ కాస్త ఆగండమ్మా. పేరోల్‌లోనే తల నెరిసింది నాకు. బావగారూ, దీన్ని కంబైన్డ్ వేజ్ క్లెయిమ్ అంటారు. బేస్ పీరియడ్‌లో జీతం ఉన్న ఏ రాష్ట్రంలోనైనా వేసి మిగతా రాష్ట్రాల జీతాలు కలపమనొచ్చు. వాళ్లే ఐబీ-4 అనే ఫారం పంపి తెప్పించుకుంటారు. బేస్ పీరియడ్ అంటే మామూలుగా పూర్తయిన చివరి 5 క్వార్టర్లలో (ఒక్కోటి మూడు నెలలు) మొదటి 4. టెక్సస్‌కి ఈమధ్యే వచ్చానంటున్నావు, ఆ జీతం ఇంకా అందులో పడి ఉండకపోవచ్చు. అలాగైతే జెర్సీ, పెన్సిల్వేనియాల్లో ఏది ఎక్కువిస్తుందో చూసి వెయ్యి. ప్లానోలో కూర్చునే వేయొచ్చు.

టాంపా_రాజు: హెడ్డాఫీసు ఉన్న రాష్ట్రంలో కదా వేయాల్సింది? మా కన్సల్టెన్సీ అందరికీ అలాగే చెప్తోంది.

పేరోల్_నారాయణ: వాళ్లకి ఒక్క రాష్ట్రంలో కట్టి చేతులు దులుపుకోవడం సుఖం మరి! రిమోట్ అయితే నువ్వు కూర్చున్న చోటే లెక్క. ఫ్లోరిడా ఇంటి నుంచి న్యూయార్క్ కంపెనీకి పనిచేసినావిడకు న్యూయార్క్ భృతి రాదని అక్కడి పెద్ద కోర్టు 2003లోనే తేల్చింది.

టాంపా_రాజు: అంటే నాకు ఫ్లోరిడానే గతి. వారానికి 275 డాలర్లు దాటదు. ఇంటద్దెకి ఏ మూలకీ రాదు.

హెచ్‌1బీ_హరి: మీకు అదైనా వస్తుంది. మాది కంపెనీకి ముడిపడ్డ వీసా, ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి 60 రోజుల దాకానే గ్రేస్. ‘వెంటనే పనికి సిద్ధమేనా’ అన్న ప్రశ్న దగ్గరే కొట్టేస్తారు. జెర్సీలో ఉన్నన్నాళ్లూ నా జీతంలోంచీ కోశారుగా, అదెవరి ఖాతాలోకి?

ఎడిసన్_సుబ్బు: హెచ్4 వీసా మీద ఈఏడీ (వర్క్ పర్మిట్) ఉండి పనిచేసి ఉంటే మీ ఆవిడకొస్తుంది తమ్ముడూ.

హెచ్‌1బీ_హరి: పెళ్లే కాలేదన్నా.

టాంపా_రాజు: వచ్చినవాళ్లు సంబరపడకండి, జనవరిలో 1099-జీ అనే టాక్స్ ఫారం వస్తుంది. ఫెడరల్ టాక్స్ 10 శాతం ముందే కోయమని టిక్ పెట్టుకోండి.

ఫ్రిస్కో_లక్ష్మి: హరిగారూ, మీది ఏ ఊరు? మా పిన్ని కూతురు డాలస్‌లోనే ఉంది, గ్రీన్‌కార్డ్.