డ్వాక్రా పుస్తకం రాయాలంటే చేతులు వణుకుతున్నాయి, ఇది బద్ధకమేనా?

లేసుపని, నర్సాపురం దగ్గర పల్లె

అందరికీ నమస్కారమండి. ఇదంతా ఫోన్లో నోటితో చెప్పి టైపు చేయిస్తున్నాను, తప్పులు మా అమ్మాయి సరిచేసింది. నా వయసు 37. చిన్నప్పట్నుంచీ లేసు అల్లుతున్నాను. ఎంత కష్టమైన డిజైనైనా ఒకసారి చేత్తో పట్టుకుని తిప్పి చూస్తే చాలు, అల్లేస్తాను. అదే కాగితం మీద నాలుగు లైన్లు చదవమంటే, రెండో లైనుకొచ్చేసరికి మొదటి లైనులో ఏముందో మర్చిపోతాను. మ, య ఇప్పటికీ తికమకే. వత్తులు ఎక్కడ పెట్టాలో తోచదు, ఒకే కాగితంలో మా ఊరి పేరు రెండు రకాలుగా రాస్తాను. 1350 అని చెబితే 1530 అని రాస్తాను.

బడి మానలేదండి, పదో తరగతి దాకా వెళ్ళాను. తెలుగు ఎలాగో గట్టెక్కింది, ఇంగ్లీషు రెండుసార్లు పోయింది. మాస్టారు మొద్దు అన్నారు, ఇంట్లో నాన్న కూడా అదే మాట. పెళ్ళయ్యాక దాచడం నేర్చుకున్నాను. బ్యాంకులో ‘కళ్ళజోడు తేలేదండి, కాస్త రాసిపెడతారా’ అంటాను. నాకసలు కళ్ళజోడే లేదు. శుభలేఖ ఇస్తే చదవకుండా ముహూర్తం ఎప్పుడని అడిగేస్తాను.

ఇప్పుడు మా సంఘంలో పదిమందీ కలిసి నన్ను లీడరుని చేశారు, మేనేజరు ముందు బెదరకుండా మాట్లాడతానని. తీర్మానాలు రాయాలి, పొదుపు లెక్క చూడాలి. మీటింగు పదో తారీకున. టెన్షన్‌తో రెండు రాత్రులుగా నిద్ర లేదు. మా అమ్మాయి డిస్లెక్సియా అని ఏదో వీడియో చూపించింది, తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బందట. అది పిల్లలకి కదండీ? ఈ వయసులో కూడా ఉంటుందా?

గోదారి గట్టు

రోజుకో పేజీ కాపీరైటింగ్ రాయండి మేడం. మా తాతగారు 60 ఏళ్ళు దాటాక పేపరు చదవడం నేర్చుకున్నారు. ప్రతిదానికీ ఓ జబ్బు పేరు తగిలించుకోవడం ఈ మధ్య ఫ్యాషనైపోయింది.

స్పెషల్ ఎడ్యుకేటర్, కాకినాడ

పైన రాసినాయనకి: మీ తాతగారికి చిన్నప్పుడు చెప్పేవాళ్ళు లేక చదువు రాలేదు. ఈవిడకి పదేళ్ళు చెప్పినా రాలేదు. రెండూ ఒకటి కాదండీ.

అమ్మా, డిస్లెక్సియా చిన్నప్పుడు మొదలవుతుంది, కానీ పెద్దయితే పోయేది కాదు. తెలివితేటలకీ దానికీ సంబంధం లేదు. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి మనవాళ్ళలో ఇది తొందరగా బయటపడదు. కూడబలుక్కుని తప్పు లేకుండానే చదువుతారు, కాకపోతే నత్తనడక. రాసేటప్పుడు వత్తులూ దీర్ఘాలూ ఎగిరిపోతాయి. ఇంగ్లీషులో రాతకీ పలుకుకీ పొంతన ఉండదు కాబట్టి అక్కడ బోల్తా పడతారు. మీ పదో తరగతి కథ అదే కావచ్చు.

అంకెల సంగతి ఒకటి చెప్పండి. దారం ఎంత పట్టిందో, కూలి ఎంత రావాలో నోటిలెక్క వస్తుందా? వస్తే మీ ఇబ్బంది లెక్కలో లేదు, అంకెలు రాయడంలో ఉంది. అదీ రాకపోతే డిస్కాల్క్యులియా, అంటే లెక్కలే పట్టుబడని ఇబ్బంది, ఉందేమో విడిగా చూడాలి.

ముందు కంటి పరీక్ష చేయించుకోండి. నలభైకి దగ్గరపడ్డారు, ఆ లేని కళ్ళజోడు నిజంగానే అవసరం పడొచ్చు. తరవాత క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. దీనికి వాడే నిమ్హాన్స్ (బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ) వారి పరీక్ష బడిపిల్లల కోసం తయారుచేసింది. అందుకని పెద్దవాళ్ళని చిన్నప్పటి సంగతులే గుచ్చి గుచ్చి అడుగుతారు. పాత ప్రోగ్రెస్ కార్డు, నోటుబుక్కు, ఏది దొరికితే అది పట్టుకెళ్ళండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. కనీసం 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటాకి అర్హత వస్తుంది. మీ డ్వాక్రాలో మాత్రం దానితో ఒరిగేదేం లేదు, దానికోసం తిరగకండి. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. మీ అమ్మాయి మీ తప్పులే దిద్దుతోంది కాబట్టి ఆ పిల్లకి బెంగ లేదు. ఇంకో బిడ్డ ఉంటే గమనించండి.

వేరేవాళ్ళు కూడా చదువుతారని ఇది రాస్తున్నాను: నిన్నటిదాకా పేపరు గడగడా చదివిన మనిషికి ఉన్నట్టుండి అక్షరాలు అర్థం కాకపోతే అది డిస్లెక్సియా అనుకోకండి. పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చెరువు మనిషి, ఉండి

అక్కా, నాదీ ఇదే బాధ. రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజర్‌ని. ఓసారి 60 కౌంటుని 90 అని రాశాను. కిలోకి అరవై తూగితే అరవై కౌంటు, అంకె పెరిగిందంటే రొయ్య చిన్నదని, రేటు పడిపోతుంది. ఓనరు గట్టు మీద అందరి ముందూ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

అప్పట్నుంచీ పిల్లల లెక్కల గళ్ళ పుస్తకం వాడుతున్నాను. గడికి ఒక అంకె. రాశాక ‘ఒకటి, మూడు, ఐదు, సున్నా’ అని పైకి చదువుతాను, పక్కనున్న కుర్రాడు వింటాడు. మేత బస్తాల లెక్క చెరువు దగ్గరే వాయిస్‌లో చెప్పుకుని, సాయంత్రం కూర్చుని నిదానంగా రాస్తాను. కాగితం వస్తే ఫోన్లో గూగుల్ లెన్స్ పెడితే అదే చదివి వినిపిస్తుంది, చేతిరాతైతే ఒక్కోసారి తప్పుతుంది. ఓనరుకి చెప్పడానికి మాత్రం ఆరేళ్ళు పట్టింది. చెప్పాక ఆయన ‘ముందే ఏడవొచ్చు కదరా’ అన్నాడు. అంతే.

లేసుపని, నర్సాపురం దగ్గర పల్లె

మీటింగు అయిపోయిందండి. కాపీరైటింగ్ అన్నాయనకి ఒక మాట. మా నాన్న ఎండాకాలం సెలవులన్నీ నాచేత అదే రాయించారు. దస్తూరి గుండ్రంగా వచ్చింది, చదవడం మాత్రం రాలేదు.

నోటిలెక్క అడిగారు కదా మేడం. లేసు ఏజెంటు కూలి తక్కువ కడితే మా వీధిలో పట్టుకునేది నేనే. అందుకే లీడరుని చేశారేమో కూడా.

రెండో లీడరుకి ఒక్కదానికే చెప్పాను. పుస్తకం ముట్టుకుంటే ఒళ్ళంతా చెమటలు పడతాయి, నేను చెబుతుంటే నువ్వు రాయి అన్నాను. ‘ఓస్ ఇంతేనా, నాకు మేనేజరుని చూస్తే చెమటలు’ అంది. తీర్మానం నేను చెప్పాను, తను రాసింది, తిరిగి చదివించుకుని సంతకం పెట్టాను. పొదుపు డబ్బులు గళ్ళ పుస్తకంలో నేనే వేశాను, ఒక అంకె కూడా తప్పలేదు. సైకాలజిస్టు దగ్గరికి సంక్రాంతి ఆర్డర్లు అయ్యాక వెళ్దామనుకుంటున్నాను.

కంటి పరీక్ష కూడా అయింది. మీరన్నట్టే అద్దాలు రాశారు. ఇక బ్యాంకులో కళ్ళజోడు తేలేదని చెప్పడానికి కూడా లేదండి.