శర శశి షట్క: ఇక్కడ ‘రంధ్ర’ తొమ్మిదా, సున్నానా?

ప్రశ్న:
గణిత కవి పావులూరి మల్లన రాశాడని చెప్పుకునే చంపకమాల పద్యం ఇది. ఇందులో ఒక్కో మాట ఒక్కో అంకెకు గుర్తు. సంఖ్య ఉన్న భాగం వరకే ఇస్తున్నాను.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

చదరంగం 64 గళ్లలో 1, 2, 4, 8 అని రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం ఇదట. ‘వియత్’ ఆకాశం కాబట్టి సున్నా, సరే. దాని పక్కనున్న ‘రంధ్ర’ మాటేమిటి? కన్నం అంటే ఖాళీయే కదా!

జవాబు:
తొమ్మిదే. నవరంధ్రాలు. నిఘంటువు తెరవకుండా లెక్కతోనే తేల్చొచ్చు కూడా.

అంకానాం వామతో గతిః (అంకెల నడక కుడి నుంచి ఎడమకు) అన్నారు కాబట్టి మొదటి మాట ఒకట్ల స్థానం. అలా పేరిస్తే 18446744073709551615. రెండును 64 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. అంకెలు కూడితే 87, తొమ్మిదితో భాగిస్తే శేషం 6. రావలసిందీ అదే. కానీ రంధ్రాన్ని సున్నా చేసినా మొత్తం 78, శేషం మళ్లీ 6! సరిగ్గా ఈ అనుమానం దగ్గరే ఆ పరీక్ష చేతులెత్తేస్తుంది.

ఇంకో దారి ఉంది. రెండును 32 సార్లు వేసి గుణిస్తే 4294967296. అందులో చివరి ఏడంకెలు 4967296 తీసుకుని దాన్ని దానితోనే గుణించండి. లబ్ధం 9551616తో ముగుస్తుంది. ఒకటి తీస్తే 9551615. పద్యంలో రంధ్ర ఏడో మాట, ఇక్కడ కుడి నుంచి ఏడో అంకె 9.

మరొకరు:
ఇంత పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య అవుతుందా?

జవాబు:
‘శర’తో మొదలైంది కదండీ, చివరి అంకె 5. అక్కడే తేలిపోయింది. అసలు రుచి కారణాంకాల్లో ఉంది. వర్గాల భేదం సూత్రం మళ్లీ మళ్లీ వాడితే ఇది 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధంగా విడిపోతుంది. ప్రతిదీ రెండు ఘాతానికి ఒకటి కలిపినదే. మొదటి ఐదూ ప్రధానాలు. ఆరోదీ ప్రధానమే అనుకున్నాడు గణితవేత్త ఫెర్మా. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు, రెండో కారణాంకం 6700417. మొత్తం ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కోటి ఒక్కసారే. కాబట్టి దీనికి భాజకాలు సరిగ్గా 128. అదీ రెండు ఘాతమే!

ప్రశ్న అడిగినవారు:
ఒప్పుకున్నాను. గిరి, నగ, భూధర మూడూ ఏడేనా మరి?

జవాబు:
ఏడే, సప్త కులపర్వతాలు. గణాలకూ యతికీ ఏది కుదిరితే అది పడింది. నాకు నచ్చింది ఇంకొకటి: ఇన్ని రెట్టింపుల మొత్తంలో 2 అనే అంకె ఒక్కసారీ రాలేదు. అందుకే ఈ వరసలో నేత్ర, కర, పక్ష లాంటి మాటలు కనిపించవు.